మూడొందల ఏళ్ల ఇల్లు

రెండో వరద కిటికీల దాకా వచ్చిపోయిన ఏడాది. పాతవీధిలో తాపీమేస్త్రి నిచ్చెనెక్కి, తన సొంత ఇంటి గోడనే ఉలితో చీలుస్తున్నాడు.

"ఒంట్లో బాగానే ఉందా? కట్టి పన్నెండేళ్లు కాలేదు!" అంది భార్య కింద నుంచి.

"అందుకే కొడుతున్నా. వీధి వెడల్పు చేస్తారట. రాజుల కాలం నాటి ఇళ్లు మాత్రం ముట్టుకోరట. టీకొట్టాయన చెప్పాడు."

"టీకొట్టాయన మంత్రెప్పుడయ్యాడు?"

మేస్త్రి పగులు వంకర తిప్పడంలో మునిగిపోయాడు. తిన్నగా ఉంటే దొంగపగులని ఇట్టే తెలిసిపోతుంది. నాలుగు రోజుల్లో గోడ నిండా పగుళ్లు పెట్టాడు. డికాషన్ చల్లి మరకలు తెచ్చాడు. కట్టెల అడితిలో చెదలు తిన్న దూలమొకటి ఏరుకొచ్చి, వసారాలో మంచి దూలం కనపడకుండా బిగించాడు. ఉన్నది ఆ ఒక్క ఇల్లే. పోతే ఇంట్లోని ఆరుగురూ వీధిన పడాలి.

పక్కింటి దర్జీ అతని భార్యకి అన్న. నిజంగా తాతల నాటి ఇల్లంటే అతనిదే. ఆ అమాయకుడు దానికి తళతళలాడేలా వెల్ల వేయించాడు.

"వెల్ల కాదు బావా అది, నీ ఇంటికి కప్పిన ముసుగు" అన్నాడు మేస్త్రి.

"వరద మరకలు పోవద్దూ? కళగా ఉండాలి కదా బావా" అన్నాడు దర్జీ.

ఐదోరోజు ఒకాయన చేతిసంచీ, రాసుకునే పుస్తకం, టేపు, చిన్న సుత్తి పట్టుకుని వీధి మొదట్లో దిగాడు.

"పాత ఇళ్లు చూసి రమ్మన్నారండి."

మేస్త్రికి ఇంకేం కావాలి? గొడుగు పట్టి మరీ వీధంతా తిప్పాడు. ఇక్కడ రాణిగారి పల్లకీ ఆగిందన్నాడు. ఆ అరుగు మీద సేనాపతి కునికిపాట్లు పడ్డాడన్నాడు. ఆయన ఒక్కముక్కా రాసుకోలేదు. గోడలు తట్టి చెవి ఆనిస్తున్నాడంతే. 'మహాపండితుడు, మాటలకి పడడు' అనుకున్నాడు మేస్త్రి.

దర్జీ ఎదురొచ్చి గోడ మీద అరచేత్తో చరిచాడు.

"రాతిగోడండీ, రాయి! వరదలో వారం నానినా పెచ్చు ఊడలేదు."

ఆయన తట్టి చూశాడు. తలూపాడు. పుస్తకం మూసి ముందుకి నడిచాడు.

"నీ నోరే నీ కొంప తీసింది బావా" అని గొణిగాడు మేస్త్రి.

తర్వాతది తన ఇల్లు. ఆయన పుస్తకం మళ్లీ తెరిచాడు.

"ఇది ఎన్నేళ్లదండీ?"

"మూడొందలు. సిమెంటు రవ్వ కూడా లేదు."

"ఈ పగుళ్లు?"

"మా ముత్తాత చిన్నప్పటివి."

"ఇంకా పెరుగుతున్నాయా?"

"మా పిల్లలకంటే తొందరగా పెరుగుతున్నాయండి."

"మరి దూలం?"

"వేలు పెట్టండి, లోపలికి పోతుంది."

ఆయన వేలు పెట్టాడు. పోయింది. చప్పున వెనక్కి జరిగాడు.

"ఇందులో మనుషులుంటున్నారా?"

"ఆరుగురం!"

ఆయన మేస్త్రి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎక్కడికెళ్లినా దాచేవాళ్లేనండి. ఉన్నదున్నట్టు చెప్పింది మీరొక్కరే."

పేజీ నిండా రాసుకుని, కింద మేస్త్రి చేత సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు.

"ఏ ఆఫీసాయనో అడిగావా?" అంది భార్య.

"మొహం చూస్తే తెలీడం లేదూ? చరిత్రంతా ఆ నుదుటి మీదే ఉంది."

ఆ సాయంత్రం మేస్త్రి దర్జీ అరుగు మీద కాళ్లు చాపుకు కూర్చుని, ఉదారంగా హామీ ఇచ్చాడు.

"నీ ఇల్లు పడగొట్టాక మిషను మా వసారాలో పెట్టుకో. అయినవాళ్ల దగ్గర అద్దేమిటి?"

"నీ దయ బావా" అన్నాడు దర్జీ, సూదిలో దారం ఎక్కించుకుంటూ.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి తలుపు తీసేసరికి, అప్పుడే ఆఫీసు జవాను కాగితం అంటించి వెళ్తున్నాడు. మేస్త్రి భార్యని పిలిచాడు, బావని పిలిచాడు, వీధి వీధంతా పోగయ్యేదాకా ఆగాడు. అప్పుడు గొంతు సవరించుకుని, అందరికీ వినపడేలా కూడబలుక్కుని చదివాడు.

"ఈ ఇల్లు శిథిలం, కూల్చివేయవలెను."