సన్న దారం

యుద్ధం రోజుల్లో ఒకనాడు మహమ్మద్‌నగర్ నుంచి నడిచొచ్చిన సాలవ్వ, ఎల్లారెడ్డిలో బట్టలు కుట్టుకుని బతుకుతున్న సవతి గంగామణి మిషన్ మీద మూట పడేసింది. అందులో చనిపోయిన భర్త పాత ధోతులు, ఒక ముతక దారం ఉండ ఉన్నాయి.

"బొంత కుట్టు. నా దారమే ఎయ్యి. లడాయిల దారం దొరుకుతలేదంటె కామారెడ్డి దాక పోయి తెచ్చిన."

గంగామణి ఆ ఉండను వాకిట్లోకి విసిరేసింది. "గది సూదిల పట్టదు. పట్టినా పాతబట్టను కోస్తది."

ఆమె సన్న నూలు దారం ఎక్కిస్తుంటే సాలవ్వకు ఒళ్ళు మండింది.

"గా పుచ్చు దారమా? నాలుగు దినాలల్ల ఊడిపోవాలెననే గద నీ కుళ్ళు."

"కుట్టు ఊడితె మల్ల కుట్టొచ్చు. బట్టనే చినిగితె ఆయన ధోతి ఏడికెల్లి తెస్తవు?"

సాలవ్వ వాకిట్లో పడ్డ ఉండను ఏరుకుని కొంగున కట్టుకుంది. ఆయన బతికున్నప్పుడు కూడా గంగామణి ఇలాగే నోరు మూయించేది.

"అయితే ఊడినప్పుడల్ల నీ గడప తొక్కాల్నా నేను?"

"తొక్కు," అంది గంగామణి తలెత్తకుండా. "ఆయన పోయినంక నాతోని కొట్లాడెటందుకు ఇంకెవరున్నరు?"

మిషన్ కదిలింది. సాలవ్వ గడపలోనే కూర్చుని, కుట్టు వంకర పోతోందని తిట్టడం మొదలుపెట్టింది.