మిగిలిన అధ్యాయం

"అక్కా, ఆపకు. అది ఆఖరి అధ్యాయం."

"అందుకే ఆపాను" అంది అక్క. పుస్తకం మూసి చంకలో పెట్టుకుంది.

ఆసుపత్రి గదిలో ఉన్నది ఒక్కటే మంచం. మోకాళ్ళు పీకుతున్నాయని అక్క దాని మీద కాళ్ళు చాపుకుంది. తమ్ముడు అంచున కూర్చున్నాడు. పొద్దున్నుంచి ఇద్దరూ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఒకరు తినకూడదంటే రెండోవారూ మానేయడం చిన్నప్పటి అలవాటు.

'పొగమంచు రాజ్యం' మొదటి భాగం కొన్నప్పుడు అక్క బస్సులో కండక్టరు. తమ్ముడు లేతు మిషను మీద కొత్తగా చేరాడు. రెక్కల పులులూ, నడిచే కొండలూ ఉన్న ఆ కథకి రచయిత ఒక్కో భాగానికీ ఏళ్ళూ పూళ్ళూ తీసుకున్నాడు. ఈలోగా తమ్ముడికి పెళ్ళయింది, జుట్టూడింది. అక్క ఉద్యోగం అయిపోయింది. చదివేది మాత్రం ఎప్పుడూ అక్కే. తమ్ముడి చేతికిస్తే ముందు చివరి పేజీ చూస్తాడు. పైగా మిషను మోతకి మొద్దుబారిన ఆ చెవుల్లోకి దూరేది కండక్టరు గొంతొక్కటే.

ఇప్పుడు కథలో గుడ్డి విలుకత్తె కోట ఆఖరి గుమ్మంలో ఒంటరిగా నిలబడింది. ఎదురుగా రాతిసైన్యం. వింటినారి లాగింది. అక్క సరిగ్గా అక్కడ ఆపింది.

డాక్టరు వచ్చి చెప్పిందే మళ్ళీ చెప్పాడు. గుండె ఆపి, బాగుచేసి, మళ్ళీ ఆడించాలి. ఈ వయసులో పూచీ పడలేమన్నాడు. బండి కదులుతుందా లేదా చూడాలి గానీ ఎప్పుడు కొన్నారని అడగకూడదని అక్క కసిరింది. ఆయన నవ్వాలో మానాలో తెలియక బయటికి పోయాడు.

కిటికీ దగ్గరున్న మరదలు, పంతాలకి ఇది వేళ కాదని, మనసులో ఏ కోరికా మిగలకుండా ఆ కాసిని పేజీలూ చదివేయమని వదినగారిని బతిమాలింది.

"మిగలాలి" అంది అక్క.

ఫైలు కోసం వచ్చిన నర్సు అట్ట చూసి గుర్తుపట్టింది. తను చదివేశాననీ, చివర ఏమవుతుందంటే అనీ మొదలుపెట్టింది.

"నోరు కుట్టేస్తాను" అంది అక్క.

నర్సు వెళ్ళాక తమ్ముడు గొంతు తగ్గించాడు. "నీ మొండితనం నాకు కొత్త కాదులే. కానీ ఏదైనా అయితే? ఆ విలుకత్తె బతికిందో లేదో తెలియకుండానే..."

"నాకు మాత్రం తెలుసా? ఒక్క పేజీ ముందుకి తిప్పలేదు. వచ్చాక చదువుకుందాం."

"రాకపోతే?"

"ఇన్నేళ్ళు బస్సు మీద చేశాను. స్టాపు రాకుండా ఒక్క మనిషిని దించనివ్వలేదు. ఇప్పుడు దించే మొగాడెవడో రానీ, చూస్తాను."

తమ్ముడు నవ్వాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. స్ట్రెచర్ తోసుకుంటూ ఇద్దరు మనుషులొచ్చారు. టైమయిందన్నారు.

అక్క మంచం దిగింది. మరదలు చెయ్యి చాచినా పుస్తకం ఇవ్వలేదు.

"ఎక్కడ ఆపామో మర్చిపోకు" అంది.

తమ్ముడు స్ట్రెచర్ ఎక్కాడు.