అల్లుడి కాలు

అల్లుడు అత్తగారి కాళ్ళు పట్టుకున్నాడు. ఆవిడ ఎడమకాలు మాత్రం ఇచ్చింది.

"కుడికాలు డాక్టరుగారికే. ఆయనది మంచి హస్తవాసి. మీ మరమనిషికి హస్తవాసి ఎక్కణ్ణుంచి వస్తుంది బాబూ?"

అల్లుడు పనిచేసే కంపెనీ మోకీళ్ళు మార్చే రోబోను తయారుచేస్తోంది. మూడేళ్ళుగా ఆయన కాపురం నాతో కాదు, దాంతోనే అని భార్య దెప్పుతూ ఉంటుంది. వేలకొద్దీ ప్లాస్టిక్ ఎముకలు కోసీ కోసీ, చివరికి మనుషుల దాకా వచ్చారు. రెండు మోకాళ్ళూ అరిగిన మనిషికి ఒకటి రోబో మార్చాలి, రెండోది డాక్టరు మార్చాలి. ఆరు వారాలు నడిచాక ఏది బాగుందో ఆ మనిషే తేల్చాలి.

ఎనిమిదిమంది తేల్చారు. నలుగురు ఇటు, నలుగురు అటు. తొమ్మిదో మనిషి ఎంతకీ దొరక్కపోతే అల్లుడు అత్తగారి మీద పడ్డాడు. ఇప్పుడు ఆవిడ ఊ అంటే రోబో బతుకుతుంది, ఊహూ అంటే మూడేళ్ళ చాకిరీ మూలపడుతుంది.

ఒకే పూట రెండు కాళ్ళకీ ఆపరేషన్ అయిపోయింది. ఇంటికి రాగానే అత్తగారు వాటికి పేర్లు పెట్టేసింది. కుడిది డాక్టరు కాలు. ఎడమది అల్లుడి కాలు.

"డాక్టరు కాలు పువ్వులా ఉందే అమ్మాయ్. ఈ అల్లుడి కాలే, మెట్టెక్కితే చాలు కిర్రుమంటోంది. కుట్లు వేసేముందు కాస్త నూనె చుక్క వెయ్యకపోయారా బాబూ?"

అల్లుడు ఎక్స్‌రేలు తెచ్చి కిటికీ అద్దానికి ఆనించి చూపించాడు.

"చూడండత్తయ్యా, వెంట్రుకవాసి తేడా లేదు. కవలపిల్లల్లా ఉన్నాయి."

"కవలలైతే మాత్రం? ఒకడు బుద్ధిమంతుడు, ఒకడు వెధవాయి. ఫొటోలో గుణం కనిపిస్తుందా?"

అల్లుడికి ఏడుపొచ్చినంత పనైంది. ఆవిడ అటు తిరగ్గానే భార్య మోచేత్తో పొడిచింది. "ఏమండీ, అంత నోరు పెట్టుకుని ఆవిడకి సమాధానం చెప్పలేరా?"

"చెప్పకూడదే," అన్నాడు. అంత చదువు చదివినవాడు అత్తగారంటే ఇంత భయపడతాడేమిటని భార్య నవ్వుకుంది.

ఆరో వారం ఆసుపత్రిలో అందరూ చేరారు. కంపెనీ పెద్దాయన ఫైలు పట్టుకుని కూర్చున్నాడు. డాక్టరుగారు తెల్లకోటు జేబుల్లో చేతులు పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు. నలభై ఏళ్ళుగా మోకాళ్ళే ఆయన లోకం. వచ్చేవారం పదవీ విరమణ, సన్మానం. రోబోకి పని నేర్పింది కూడా ఆయన చేతులే. వాటిని రెండేళ్ళు పక్కనే నిలబడి చూసినవాడు కాబట్టి అల్లుడికి ఆయనంటే దేవుడితో సమానం.

అత్తగారు గది ఈ చివర్నుంచి ఆ చివరికి కర్ర లేకుండా నడిచింది. అడుగులు రెండూ గడియారంలా సమంగా పడ్డాయి.

"మార్కులు వెయ్యండమ్మా," అన్నాడు పెద్దాయన.

"డాక్టరు కాలికి పదికి పది. అల్లుడి కాలికి..." ఆవిడ ఒకసారి అల్లుడి మొహం చూసింది. "మనవాడు కదా, మూడు వేసుకోండి."

అంతటితో ఊరుకోలేదు. డాక్టరుగారి చెయ్యి జేబులోంచి లాగి కళ్ళకద్దుకుంది. "ఈ చెయ్యి చల్లగుండాలి. చూడండి, పొగిడితే చాలు, చంటిపిల్లాడిలా ఎలా వణికిపోతున్నారో."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

పెద్దాయన ఫైలు మూశాడు. "ఏమయ్యా, నువ్వు చెప్పుకోవాల్సింది ఏమైనా ఉందా?"

ఒక్క మాట చాలు. మూడేళ్ళ కష్టం గట్టెక్కుతుంది. అల్లుడు డాక్టరుగారి వైపు చూశాడు. ఆయన నేల చూపులు చూస్తున్నారు.

"ఏం లేదు సార్," అన్నాడు.

ఆరు వారాల కిందట ఆపరేషన్ బల్ల దగ్గర, కుడిమోకాలి మీద కత్తి నిలవక, "దీన్ని కూడా నీ యంత్రంతోనే కానిచ్చెయ్ బాబూ, బయట అనకు" అని డాక్టరుగారు గొణిగిన మాట అల్లుడి కడుపులోనే ఉండిపోయింది.