వాల్వులన్నీ వెలుగుతున్నాయి

“ఈ ఆదివారమే ఆఖరు. పలికితే సరే. లేదంటే ముషీరాబాద్ పాతసామాన్లవాడికి ఇచ్చేసి, క్రిస్మస్‌కి చక్కగా ట్రాన్సిస్టర్ కొనుక్కుందాం,” అని తేల్చేసింది గ్రేస్.

భార్య అలా అనేసరికి రత్నకుమార్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. యూనివర్సిటీలో వాల్వుల పాఠం చెప్పే లెక్చరరు మరి! తార్నాకలో సాక్షాత్తూ అతనింట్లోనే, నాన్నగారు ముచ్చటపడి కొన్న రేడియో నెల్లాళ్ళుగా మూగనోము పట్టింది.

పౌరుషం మాట ఎలా ఉన్నా, అసలు దిగులు అమ్మ గురించి. నాన్నగారు పోయాక ఆవిడకి అదే తోడు. పలకదని తెలిసినా, సాయంత్రం కాగానే స్విచ్చి వేసి దాని ఎదుట కుర్చీ వేసుకుంటోంది. యూనివర్సిటీ నుంచి వస్తూ రోజూ గుమ్మంలోంచి అది చూస్తూనే ఉన్నాడు. దాన్ని అమ్మేస్తే ఆవిడ ఏమైపోతుంది?

“వదిలెయ్యరా అబ్బాయ్. దాని మానాన దాన్నుండనీ,” అనేది సువార్తమ్మ. కొడుకు అవస్థ చూడలేక అంటోందనుకున్నాడు.

శనివారం వాల్వులన్నీ పీకి, తువ్వాల్లో చుట్టి క్యాంపస్ లాబుకి పట్టుకెళ్ళాడు. అటెండరు మొగిలి ఒక్కొక్కటే టెస్టరులో పెట్టి చూశాడు.

“అన్ని మంచిగనే ఉన్నయ్ సార్. వీటికేం కాలే. లోపల ఇంకేందో ఉన్నది, చూడుండ్రి.”

ఆదివారం చర్చి నుంచి రాగానే రేడియో వెనక అట్ట విప్పి, వాల్వులు మళ్ళీ బిగించి, స్విచ్చి వేశాడు. వాల్వులు ఎర్రగా వెలిగాయి. వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమంది. చిన్నప్పుడు గుంటూరులో నాన్నగారి ఒళ్ళో కూర్చుని పీల్చిన వాసనే. అతనికి ప్రాణం లేచొచ్చింది.

వాల్వు కాలిని స్క్రూడ్రైవరు కొసతో తాకితే రేడియో బుర్రుమనాలి. అనలేదు. ఇక మిగిలింది స్పీకరే. దాని తీగ పట్టుకుని చూసుకుంటూ వెళితే, కొస గాల్లో వేలాడుతోంది. తెగలేదు. ఎవరో విప్పేసి, దానికి శుభ్రంగా కుట్టుదారం చుట్టారు!

అతుకు వేశాడు. గదంతా పాట నిండిపోయింది.

“అమ్మా! పలికిందే!” చిన్నపిల్లాడిలా కేకపెట్టాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

సువార్తమ్మ వంటింట్లోంచి అట్లకాడతో సహా పరుగెత్తుకొచ్చింది. ముఖంలో సంతోషం లేదు. తిన్నగా రేడియో వెనక్కి వెళ్ళి, ఆ తీగ కాస్తా లాగేసింది. పాట ఆగిపోయింది.

“అదేంటమ్మా! ఇదంతా నీ కోసమేగా?”

ఆవిడ వెలుగుతున్న వాల్వుల వంక చూస్తూ అంది:

“మీ నాన్న ఉన్నన్నాళ్ళూ ‘ఉండవే, వార్తలొస్తున్నాయి’ అంటూ నన్ను నోరెత్తనిచ్చారట్రా? ఇప్పుడు దీన్నిలా వెలిగించుకుని, ఆయనతో చెప్పాల్సినవన్నీ చెప్పుకుంటున్నాను.”