నిరుటి తిట్లు

"నువ్వే చెప్పు," అంటూ డెల్బర్ట్ కాగితాన్ని భార్య ముందుకు తోశాడు.

లవోన్ చేతిలో కాఫీ కప్పు ఆగిపోయింది. ఏ గోధుమ వెయ్యాలో అతను ఏనాడూ ఆమెను అడగలేదు. ఏ రకం ఎంత పండిందో చెప్పే ప్రయోగ పొలాల ఫలితాల కాగితం రాగానే అందరికన్నా పైనున్న పేరు మీద వేలు పెట్టి, విత్తనాల కొట్టుకు ఫోన్ చేసేవాడు. ఇవాళ ఆ వేలు పేర్ల మీద తడబడుతోంది.

"పైదే కదా ఎక్కువ పండేది?"

"దాని కాడ బోలు. నిరుడు అలాంటిదాన్నే పురుగు తొలిచేసింది. కోతకు ముందే చేనంతా పడుకుంది."

"గట్టికాడది లేదా?"

"ఉంది, దాన్ని పురుగు తొలవలేదు. కానీ దిగుబడిలో అట్టడుగున ఉంది. పురుగు రాకపోతే అనవసరంగా తక్కువ పండించుకున్నట్టే. ఇంకో పంట పోతే ఈ నేల మనకుండదు, లవోన్."

వడగళ్లు పంటను కొట్టేసిన ఏడు కూడా అతను ఇలా మాట్లాడలేదు.

"నిరుడు నేనేమన్నా అన్నానా, డెల్?"

"అనలేదు. పడిపోయిన చేను చూసొచ్చి, మాట్లాడకుండా నాకు సూప్ పోశావు. అప్పట్నించీ పురుగు కన్నా నువ్వంటేనే భయంగా ఉంది. ఏ రోజు పెట్టె సర్దుకుంటావో అని."

లవోన్ నిర్ఘాంతపోయింది. ఏమీ అనకపోవడమే ఓదార్పని తను అనుకుంది.

కాగితం దగ్గరికి లాక్కుని అట్టడుగు పేరు మీద వేలు పెట్టింది.

"ఇది వేద్దాం. పురుగు రాకపోతే నన్ను తిట్టు. ఇక నిరుటి తిట్లు విను. గట్టికాడది వెయ్యరా అని మీ అన్న మొత్తుకుంటే విన్నావా, మొండిఘటమా? నీ మూలంగా..."

ఆమె తిడుతూనే ఉంది. డెల్బర్ట్ ఫోన్ అందుకుని, తడబడని వేలితో విత్తనాల కొట్టు నంబరు నొక్కాడు.