నిండు పియాలా

"హమ్రో అన్నా, గేటు దగ్గర కారట్ పచ్చడివాడెవడో నిలబడ్డాడు."

కాపలాదారు తుర్దీ కేక విని ఫోర్‌మన్ హమ్రోకుల్ విసుక్కున్నాడు.

"ఇవాళే దొరికిందా వాడికి? పచ్చడి వద్దని చెప్పు."

"చేతిలో పచ్చడేం లేదన్నా. ముఖం చూసి అన్నాను."

ఈ ఊళ్ళో కొరియా ముఖం కనిపిస్తే చాలు, బజారులో కారట్ తురుము పచ్చడి అమ్ముకునేవాడే. తాతల నాటి నుంచి ఇక్కడే పుట్టి ఇక్కడే పోతున్నా వాళ్ళకు ఆ పేరు పోలేదు.

హమ్రోకుల్ కంగారు వేరు. సియోల్ నుంచి ఇంజనీరు రావాలి. చలికాలం మొదట్లో దిగిన బ్యాటరీలు చేసే యంత్రం ఇంతవరకు తిరగలేదు. వసంతంలో వచ్చే నవ్రూజ్ పండుగలోపు మొదటి బ్యాటరీ బయటికి రాకపోతే ఫ్యాక్టరీకి తాళమే. రష్యాలో ఇటుకలు మోయడం మానుకుని ఈ పని కోసం తిరిగొచ్చినవాళ్ళంతా మళ్ళీ మూటలు సర్దుకోవాలి. వాళ్ళలో అతని కొడుకూ ఉన్నాడు.

గోడ మీద మాత్రం 'మన దేశపు బ్యాటరీ' అని ఇంతింత అక్షరాలు. ఇప్పటిదాకా తయారైంది ఆ రాత ఒక్కటే.

తుర్దీ వెంట లోపలికి వచ్చినవాడు గుండె మీద చెయ్యి పెట్టుకుని, "అలుపు రాకూడదన్నా" అన్నాడు.

పనిలో ఉన్నవాళ్ళను ఇక్కడివాళ్ళు పలకరించే తీరది. యాస కూడా ఈ వీధిదే.

"పని కోసమైతే ఖాళీల్లేవు తమ్ముడూ."

"యంత్రం చూద్దామని."

"చూడ్డానికి అదేమన్నా కొత్త పెళ్ళికూతురా?"

"పెళ్ళికూతురే!" అందుకున్నాడు తుర్దీ. "ముసుగు తీసేవాడు సియోల్ నుంచి వస్తున్నాడు. నువ్వు ముట్టుకుంటే బ్యాటరీలు కారట్ వాసనేస్తాయి."

అందరూ నవ్వారు. వచ్చినవాడూ నవ్వాడు. టార్పాలిన్ కప్పిన యంత్రం వైపు, దాని వెనక కిటికీ వైపు చూశాడు.

"అక్కడో మల్బరీ చెట్టుండేది."

"షెడ్డు కోసం కొట్టేశాం. ఇంకేం కావాలి?"

"అన్నా, అసలు నేను..."

హమ్రోకుల్ ఫోను మోగింది. విమానాశ్రయంలో పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డ డ్రైవరు.

"దిగలేదా? సరిగ్గా చూడరా! సూటేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, అర్థంకాని భాష మాట్లాడేవాడు!"

ఫోను పెట్టేసి చూస్తే ఆ మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు. హమ్రోకుల్ టీ కూజా అందుకుని, పిడిలేని పియాలా గిన్నెలో అంచు దాకా టీ పోసి అతని ముందు పెట్టాడు.

కూర్చోమనే అతిథికి ఇక్కడ సగమే పోస్తారు, మళ్ళీ మళ్ళీ పోయడానికి. నిండా పోశారంటే తాగి బయల్దేరమని.

చప్పున తుర్దీ నవ్వు ఆగిపోయింది. శత్రువుకైనా అలా పోయరు.

వచ్చినవాడు పియాలా వంక కాసేపు చూశాడు. చెప్పబోయిన మాట చెప్పలేదు. నిలబడే టీ అంతా తాగాడు. ఇక్కడి ఆచారం ప్రకారం బల్ల మీది రొట్టె చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు.

"అలుపు రాకూడదు" అని మళ్ళీ అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం దాకా చూసి, ఉండబట్టలేక హమ్రోకులే సియోల్‌కు ఫోను చేశాడు. అటు నుంచి ఒకమ్మాయి వచ్చీరాని రష్యన్‌లో పలికింది.

"మా ఇంజనీరా? వచ్చాడు కదండీ! మీ దగ్గర టీ తాగి తిరుగు విమానం ఎక్కేశాడు."

హమ్రోకుల్ బల్ల వైపు చూశాడు. ఖాళీ పియాలా ఇంకా అక్కడే ఉంది.

"ఇంకొకర్ని పంపు తల్లీ" అన్నాడు.

"ఎవరూ రామన్నారండీ. వస్తానని పట్టుబట్టింది ఆయనొక్కడే."

ఆ అమ్మాయే మళ్ళీ అంది.

"ఏం జరిగిందని అడిగితే, గిన్నె నిండా టీ పోశారు అని మాత్రం చెప్పాడు. అంత మర్యాద చేస్తే ఎందుకు వచ్చేస్తున్నాడో మాకెవరికీ అర్థం కాలేదు. ఆయన పుట్టింది మీ ఊళ్ళోనే కదా, మీకేమైనా తెలుసా?"