పక్కవాడి కార్డు

పదకొండు కప్పులు గెలిచిన మనిషి ఉద్యోగం అడగడానికి వెళ్తూ మూడు చొక్కాలు మార్చాడు.

"ఆ నీలంది వేసుకోండి. అందులో కాస్త అవసరం లేనివాడిలా కనిపిస్తారు," అంది భార్య.

గోల్ఫ్ ఆడేవాళ్లంతా అతన్ని ఛాంపియన్ అనే పిలుస్తారు. మోకాలు అరిగిపోయి ఆట మానేసి మూడేళ్లయింది. క్లబ్బువాళ్లు కొత్తగా శిక్షణ కేంద్రం పెడుతున్నారు. దానికి హెడ్ కోచ్ కావాలి. ఆట తప్ప మరో పని చేతకాని మనిషికి అదే ఆఖరి ఆశ. అది దక్కకపోతే ఆటసామాన్ల కొట్లో నిలబడి బంతులమ్ముకోవాల్సిందే.

"పోటీలో ఇంకెవరున్నారట?"

"ఇంకెవరు? పెద్దమనిషి."

ఇస్త్రీ చేస్తున్న ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "ఇరవై ఏళ్లయినా ఆయన మనల్ని వదలడా?"

పెద్దమనిషి అన్న పేరు అతనికి ఒకే ఒక్క మధ్యాహ్నం వచ్చింది. దేశంలోకెల్లా పెద్ద కప్పు, ఆఖరి రోజు, ఆఖరి గుంత. ఇద్దరూ జంటగా ఆడుతున్నారు. ఛాంపియన్ తన బంతి గుంతలో వేసేసి పక్కన నిలబడ్డాడు. అవతలివాడి బంతి గుంతకి మూడడుగుల దూరంలో ఉంది. పడితే ఇద్దరూ సమానం, మళ్లీ ఆడి తేల్చుకోవాలి. తప్పితే కప్పు ఛాంపియన్‌ది.

మూడడుగులంటే కళ్లు మూసుకుని కొట్టే దూరం. కాని అతను ఆ నెలలో అప్పటికే రెండుసార్లు అంత దూరం నుంచే తప్పి, పేపర్లవాళ్ల చేత నానా మాటలూ పడి ఉన్నాడు. చేతులు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతున్నాయి. కర్ర బంతి వెనక పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు. ఉన్నట్టుండి వెనక్కి జరిగి చెయ్యెత్తాడు.

"నా బంతి కదిలింది," అన్నాడు.

ఎవరు తక్కువ దెబ్బల్లో ముగిస్తే వాళ్లదే గెలుపు; కొట్టకముందే బంతి కదిలితే ఆ రోజుల్లో జరిమానాగా లెక్కలో ఒక దెబ్బ కలిపేవారు. రెఫరీ చూడలేదు. కెమెరాలో అతని వీపు తప్ప ఏమీ పడలేదు. "నిజంగానా?" అని రెఫరీ రెండుసార్లు అడిగాడు.

"నాకు తెలుసు కదండీ."

ఆ తరవాత తీరిగ్గా వంగి, అదే బంతిని కొట్టాడు. దారం కట్టి లాగినట్టు వెళ్లి గుంతలో పడింది. ఆ జరిమానా దెబ్బతోనే ఓడిపోయాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొందరు ఏడ్చారు. గెలిచినవాణ్ణి పలకరించిన నాథుడు లేడు.

ఆ ఆటలో ఒక పద్ధతుంది. ఎవరి దెబ్బలు వాళ్లు లెక్క రాసుకోరు. నీ కార్డు పక్కవాడు రాసి సంతకం పెడతాడు, వాడిది నువ్వు రాస్తావు. తెలిసి తప్పు రాశారంటే ఇద్దరికీ ఆట నుంచి వెలే. ఆ రోజు పెద్దమనిషి కార్డులో ఆ జరిమానా దెబ్బ రాసింది ఛాంపియనే.

పెద్దమనిషి ఆ తరవాత ఏ పోటీలోనూ నెగ్గలేదు. నెగ్గాల్సిన పనీ పడలేదు. బడుల్లో ఉపన్యాసాలు, సబ్బుల ప్రకటనలు, పాఠ్యపుస్తకంలో ఫొటో. ఛాంపియన్‌కి అది మొదటి కప్పు. దాని తోక పట్టుకుని మరో పది వచ్చాయి. ప్రతిసారీ విలేఖరులు అడిగింది మాత్రం ఒకటే: "ఆ రోజు ఆయన నోరు మూసుకునుంటే మీ గతేమిటి?"

"మళ్లీ ఆడినా నేనే గెలిచేవాణ్ణి," అని ఒకసారి అన్నాడు. దాంతో పొగరుబోతన్న పేరు కూడా అంటుకుంది. అప్పట్నుంచి నోటికి తాళం వేసుకున్నాడు.

"రండి సార్, మీ గురించే అనుకుంటున్నాం," అన్నాడు క్లబ్బు సెక్రటరీ. అనుకున్నదేమిటో సోఫాలో కూర్చుని టీ తాగుతున్న పెద్దమనిషిని చూడగానే ఛాంపియన్‌కి అర్థమైంది.

"మీ ఆట ముందు ఆయన ఆట ఎక్కడ సార్. అది మాకూ తెలుసు. కానీ తల్లిదండ్రులు ఆట ఒక్కటే చూడరు కదా. విలువలు కావాలంటున్నారు."

"నా పదకొండు కప్పులూ ఏం కావాలి మరి?"

"అద్దాల బీరువాలో పెడతాం సార్. అసిస్టెంట్ కోచ్‌గా కూడా మిమ్మల్నే అనుకున్నాం."

"ఈయన కింద."

"ఈయన పక్కన సార్," అన్నాడు సెక్రటరీ, తేనె పూసిన గొంతుతో. "ఇంకో చిన్న సాయం. ఆ రోజు సంగతి కేంద్రం గోడ మీద చెక్కిస్తున్నాం. దగ్గరుండి చూసింది మీరొక్కరే. మీ చేత్తో రెండు ముక్కలు రాసిస్తే..."

పెద్దమనిషి తల ఎత్తలేదు. "ఇష్టం లేకపోతే వద్దులే అన్నా," అన్నాడు. టీ కప్పు సాసర్లో పెట్టేశాడు.

"ఇష్టానికేముందిలే తమ్ముడూ. అప్పుడు రాయలేదూ?"

ఛాంపియన్ కాగితం దగ్గరికి లాక్కున్నాడు. రాయనంటే అసూయ అంటారు, ఉన్న అసిస్టెంటు ముక్కా పోతుంది. జేబులో ఫోను మోగింది. భార్య. కట్ చేశాడు.

రాశాడు: "నేను రెండు గజాల దూరంలో నిలబడి ఉన్నాను. బంతి కదలడం కళ్లారా చూశాను."

ఆ మధ్యాహ్నం బంతి వెంట్రుకవాసి కూడా కదల్లేదని ఈ లోకంలో తెలిసిన ఇద్దరిలో రెండోవాడు, కింద సంతకం పెట్టి, కాగితాన్ని మొదటివాడి ముందుకి తోశాడు.